అక్కర్లేని ఫోన్ కాల్స్: కోటప్పకొండ దాపు నుంచి చూస్తే

ఫోను ఉన్న మనిషి అడగకపోయినా, ఒప్పుకోకపోయినా ఏదో ఒకటి అమ్మడానికి వచ్చే కాల్‌నూ సందేశాన్నీ మన టెలికాం నిబంధనలు అయాచిత వాణిజ్య సమాచారం కింద లెక్కగడతాయి. జనం వాడుకలో అది స్పామ్ కాల్, కంపెనీ కాల్, లేదంటే ఉత్త ‘లోను వాళ్ల ఫోను’. పర్సనల్ లోను మంజూరైందని, క్రెడిట్ కార్డు సిద్ధంగా ఉందని, అమరావతి చుట్టుపక్కల వెంచర్ వేశామని, పిల్లవాడికి వచ్చిన ర్యాంకుకు ఫలానా ఇంజినీరింగు కాలేజీలో సీటు ఉందని రోజంతా మోగే ఈ కాల్స్‌కు అందరూ చెప్పే విరుగుడు ఒక్కటే: తెలియని నంబరు ఎత్తకండి. ఈ సలహా అడుగున ఒక లెక్క ఉంది. విసిగించేవాడికి ఖర్చు ఉండదు. తప్పించుకునే శ్రమ, తప్పించుకోబోయి పడే నష్టం, రెండూ విసిగేవాడివే. ఈ కాల్స్‌ను అదుపు చేయడానికి మన దేశంలో 2007 నుంచి వచ్చిన నిబంధనలను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆ ఖర్చును చేసేవాడి మీదికి, చేయించేవాడి మీదికి మళ్లించిన చోట అవి కొంత పనిచేశాయి. చందాదారు చేతికి ఒక జాబితానో యాప్‌నో ఇచ్చి చేతులు దులుపుకున్న చోట పనిచేయలేదు. హైదరాబాదు ఆఫీసుల్లో కూర్చుని చూస్తే ఇది అంతగా కనబడదు గానీ, పల్నాడులాంటి సేద్యపు ప్రాంతం నుంచి చూస్తే బాగా కనబడుతుంది.

పల్నాడులోని నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది కోటప్పకొండ. మూడు శిఖరాల కొండ మీద త్రికోటేశ్వరస్వామి గుడి. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు విద్యుద్దీపాలతో మెరిసే ఎత్తయిన ప్రభలు కట్టి తీసుకొస్తారు. తిరునాళ్లకు లక్షల్లో జనం వస్తారు. ఆ రాత్రి గుంపులో తనవాళ్ల నుంచి విడిపోయిన పెద్దావిడ పక్కనున్న ఎవరిదో ఫోను అడిగి ఇంటికి చేసిందనుకుందాం. ఇంట్లో మోగేది తెలియని నంబరే. మిగతా ఏడాదంతా కూడా ఈ ప్రాంతంలో బతుకుతెరువు చాలావరకు తెలియని నంబర్ల మీదే నడుస్తుంది. మిరప కోతకు కూలీలను తీసుకొచ్చే మేస్త్రి ఏటా ఒకే సిమ్ వాడడు. సరుకు ఎత్తిన లారీ డ్రైవరు ఎవరో గుంటూరు యార్డు గేటు దగ్గరి నుంచి ఫోను చేసేదాకా రైతుకు తెలియదు. యార్డులో ఆ రోజు పలికిన ధర చెప్పి అమ్మమంటారా ఆపమంటారా అని అడిగే గుమాస్తాదీ కొత్త నంబరే కావచ్చు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు బొగ్గు తెచ్చే బండివాడు, ఆసుపత్రి నుంచి రిపోర్టు సంగతి చెప్పే మనిషి, దూరదేశం నుంచి ఇంటర్నెట్ కాల్ చేసే కొడుకు, ఎవరి పేరూ తెరమీద పడదు. నెల జీతం మీద బతికే పట్నంవాసి తెలియని నంబరు ఎత్తకపోతే పోయేది తక్కువ. పంట చేతికొచ్చే మాఘ ఫాల్గుణాల్లో పల్నాటి రైతు ఎత్తకపోతే క్వింటాలుకు ఎంత పోతుందో ఆ రోజు మార్కెట్‌ను బట్టి ఉంటుంది. కనుక స్పామ్ కాల్ అంటే ఉత్త చికాకు అనుకోవడం సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, అది ఫోను మీది నమ్మకాన్ని కొద్దికొద్దిగా అరగదీసి నిజమైన కాల్‌ను కూడా అనుమానానికి గురిచేస్తుంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే కాల్ ధర కథ చూడాలి. 1995లో మన దేశంలో సెల్‌ఫోను వచ్చినప్పుడు చేసినవారికే కాదు, ఎత్తినవారికీ నిమిషానికి ఇంతని పడేది. నంబరు చూసుకుని కట్ చేసి, దగ్గర్లోని ఎస్టీడీ బూత్ నుంచి తిరిగి చేసే అలవాటు ఆ రోజులదే. 2003 మే నుంచి చేసేవారే చెల్లించే పద్ధతి వచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైంది. ఒక కంపెనీ చందాదారు ఇంకో కంపెనీ నంబరుకు ఫోను చేస్తే మొదటి కంపెనీ రెండోదానికి చెల్లించవలసిన అనుసంధాన రుసుం 2009లో నిమిషానికి 20 పైసలు, 2015లో 14, 2017 అక్టోబరులో 6 పైసలు. 2021 జనవరి 1 నుంచి అది సున్నా. మధ్యలో 2016 సెప్టెంబరులో జియో వచ్చి వాయిస్ కాల్స్‌కు వేరుగా డబ్బు తీసుకోనంది. కొద్దికాలంలోనే అన్ని కంపెనీలూ అపరిమిత కాల్స్ దారి పట్టాయి. దీనివల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. మాచర్లలోని తల్లి హైదరాబాదులో పనిచేసే కొడుకుతో గంటసేపు మాట్లాడగలుగుతోంది. కానీ అదే సిమ్ అమ్మకం పనిమీద ఉన్న ఏజెంటు చేతిలో పడితే రోజుకు వంద కాల్స్ చేసినా, మూడు వందలు చేసినా అదనంగా పైసా ఖర్చు కాదు. వందమందిలో ఒక్కడు ఊఁ అన్నా లాభమే. కాదన్న తొంభై తొమ్మిది మంది పొలంలో, మందుకొట్టే పంపు భుజాన, ఫోను తీయడానికి పడ్డ పాట్లు ఎవరి ఖాతాలోనూ ఖర్చుగా పడవు.

నియంత్రణ మొదలైంది జాబితాతో. 2005లోనే ఈ బెడద మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2007 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మొదటి నిబంధనలు తెచ్చింది. ఆ అక్టోబరు నుంచి జాతీయ డూ నాట్ కాల్ రిజిస్ట్రీ పనిచేయడం మొదలుపెట్టింది. వద్దనుకున్నవాళ్లు తమ నంబరు నమోదు చేసుకోవాలి, టెలిమార్కెటర్లు ఆ జాబితా చూసుకుని వాళ్లను వదిలేయాలి. అంటే వద్దు అని చెప్పనివాళ్లంతా సరే అన్నట్టే. ఇలాంటి జాబితా చూసుకునేది ఎటూ చట్టానికి భయపడే కంపెనీలే. రిజిస్టరు కాని ఏజెంటుకు ఆ జాబితా ఉందో లేదో కూడా పట్టదు. 2010 డిసెంబరులో నిబంధనలు తిరగరాసి 2011 సెప్టెంబరు 27 నుంచి అమలు చేశారు. బ్యాంకింగు, స్థిరాస్తి, విద్య, ఆరోగ్యం వంటి ఏడు తరగతుల్లో కావలసినవి ఎంచుకోవచ్చు, లేదా అన్నీ ఆపేయవచ్చు. రాత్రి 9 నుంచి ఉదయం 9 దాకా వ్యాపార కాల్స్ నిషేధం. టెలిమార్కెటర్లకు 140తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. తప్పు చేసినకొద్దీ 25 వేల నుంచి రెండున్నర లక్షల దాకా జరిమానా, ఆపైన బ్లాక్‌లిస్టు. మామూలు సిమ్‌ల నుంచి టోకున మెసేజీలు పోకుండా రోజుకు 100 పరిమితి కూడా పెట్టి, నెలన్నర తిరక్కుండానే 200కు పెంచారు. పండగ శుభాకాంక్షలు పంపుకునేవాళ్లనూ స్పామర్లనూ ఒకే గాటన కట్టిన నిబంధన అది. 140 నంబరు మాత్రం మంచి ఆలోచన. దానికి వచ్చిన చిక్కల్లా, అది కనబడగానే జనం ఎత్తడం మానేయడం. ఏజెంట్లు మామూలు పదంకెల నంబర్లకు మారిపోయారు. ఈనాటికీ అసలు సమస్య అక్కడే ఉంది.

2018 జులై 19న వచ్చిన నిబంధనలు గురిని మార్చాయి. మెసేజీ పంపే ప్రతి సంస్థా ముందుగా నమోదు కావాలి, పంపేవారి పేరు, మెసేజీ నమూనా కూడా టెలికాం కంపెనీలు బ్లాక్‌చెయిన్ తరహాలో కలిసి నిర్వహించే పట్టికలో ఎక్కాలి, నమూనాతో సరిపోలని మెసేజీ దారిలోనే ఆగిపోవాలి. భారం మొదటిసారిగా పంపేవాడి మీద పడింది. 2021 మార్చి 8న ఈ జల్లెడ అమల్లోకి రాగానే బ్యాంకు ఓటీపీలు, కోవిడ్ టీకా నమోదు ఓటీపీలు కూడా రాకుండా పోయాయి, ఎందుకంటే చాలా సంస్థలు తమ నమూనాలు నమోదు చేసుకోనేలేదు. మర్నాడే ట్రాయ్ దాన్ని వారం పాటు ఆపింది. కట్టుదిట్టం చేస్తే అవసరమైనవి కూడా ఆగిపోతాయనేవారు ఆ రోజును ఇప్పటికీ ఉదాహరణగా చూపుతారు. అయితే ఆ రోజు ఆగింది జల్లెడ తప్పువల్ల కాదు, గడువులు ఇచ్చినా కదలని సంస్థల నిర్లక్ష్యంవల్ల. అవి సర్దుకున్నాక ఓటీపీలు మామూలుగానే వస్తున్నాయి. ఈ పద్ధతి ఫలితం ఎవరైనా తమ ఫోనులోనే చూసుకోవచ్చు. వ్యాపార సంస్థల మెసేజీలు పదంకెల నంబరుతో కాకుండా అక్షరాల పేరుతో వస్తాయి. ముందుండే రెండు అక్షరాల్లో మొదటిది టెలికాం కంపెనీని, రెండోది సర్కిల్‌ను చెబుతాయి. చివర గీత తర్వాత ఒక అక్షరం ఉంటుంది: పి ఉంటే ప్రచారం, ఎస్ ఉంటే సేవకు సంబంధించినది, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వానిది. బ్యాంకు పేరు చెప్పుకుంటూ మామూలు నంబరు నుంచి మెసేజీ వచ్చిందంటే అది బ్యాంకుది కాదని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. మెసేజీల్లో కుదిరిన ఈ పని కాల్స్‌లో కుదరలేదు, ఎందుకంటే మాటకు నమూనా ఉండదు.

కాల్స్ విషయంలో గట్టి అడుగు 2024లో పడింది. ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో రిజిస్టరు కాని టెలిమార్కెటర్ల మీద వచ్చిన ఫిర్యాదులు 7.9 లక్షలు దాటాయి. ఆగస్టు 13న ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, మామూలు లైన్ల మీద అమ్మకపు కాల్స్ చేసే సంస్థకు ఉన్న టెలికాం లైన్లన్నీ కోసేయాలి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టాలి, ఇతర కంపెనీలు కూడా దానికి కొత్త లైన్లు ఇవ్వకూడదు. సెప్టెంబరు మొదటి వారానికే 2.75 లక్షల కనెక్షన్లు తెగాయి. 2025 ఫిబ్రవరి నాటికి ఆ సంఖ్య 18.8 లక్షలు, బ్లాక్‌లిస్టయిన సంస్థలు 1,150. నెలవారీ ఫిర్యాదులు ఆగస్టులో 1,89,419 ఉంటే అక్టోబరులో 1,51,497కు, 2025 జనవరిలో 1,34,821కు తగ్గాయి. ఆరు నెలలు తిరక్కుండా దాదాపు 29 శాతం తగ్గుదల. 2007 నుంచి చందాదారులకు చెప్పిన జాగ్రత్తలతో జరగనిది లైన్ పోతుందనే భయంతో జరిగింది. ఫిర్యాదుల సంఖ్యను పట్టుకుని కాల్స్ సంఖ్యను అంచనా వేయలేమని ఎవరైనా అనవచ్చు, అది న్యాయమైన మాటే. విసిగిపోయి ఫిర్యాదు మానేసినవాళ్లు అందులో కనబడరు. అయినా ఫిర్యాదు చేయడం అంతకుముందుకంటే కష్టమేమీ కాలేదు కాబట్టి ఆ తగ్గుదలనంతా నీరసం కింద కొట్టేయలేం. 2025 ఫిబ్రవరి 12 నాటి సవరణ ఈ దారినే ఇంకా బిగించింది. పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య తీసుకోవాలి. అంతకుముందు వారంలో పది కావలసి వచ్చేది. టెలికాం కంపెనీకి 30 రోజుల గడువు 5 రోజులయింది. మొదటి తప్పుకు ఆ సంస్థ అవుట్‌గోయింగ్ 15 రోజులు ఆపుతారు, మళ్లీ చేస్తే ఏడాది పాటు అన్ని లైన్లూ పోతాయి. స్పామ్ లెక్కలు తప్పుగా చూపిన టెలికాం కంపెనీలకు 2 లక్షలు, 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షల జరిమానా. కనెక్షన్లు అమ్ముకుని ఆదాయం చూసుకునే కంపెనీనే కాపలా పెట్టినప్పుడు దానికీ ఏదో ఒక నొప్పి ఉండాలన్నది ఇందులోని తర్కం.

ఇక ఫిర్యాదు సంగతి. పేరుకు తేలిక. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు, ఏం మాట్లాడారో నాలుగు మాటలు, చేసిన నంబరు, తేదీ రాసి 1909కు మెసేజీ పంపాలి, లేదా అదే నంబరుకు ఫోను చేయాలి. అన్ని ప్రచార కాల్స్‌నూ ఆపడానికి స్టార్ట్ అనే ఇంగ్లీషు మాట, పక్కన సున్నా పెట్టి 1909కు పంపితే చాలు. రిజిస్టరు కాని నంబర్ల మీద ఫిర్యాదుకు డీఎన్‌డీలో, అంటే ప్రచార కాల్స్ వద్దన్నవారి జాబితాలో, ముందే నమోదై ఉండాలన్న షరతును 2025 సవరణ ఎత్తేసింది. కానీ ఎల్లమందలోనో కావూరులోనో బటన్ ఫోను వాడే అరవై ఏళ్ల రైతు ఈ మెసేజీని ఇంగ్లీషు అక్షరాల్లో, చెప్పిన వరుసలో, తేదీతో సహా కొట్టి పంపుతాడని ఆశించడం దురాశే. స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లకు ట్రాయ్ 2016లో డీఎన్‌డీ యాప్ తెచ్చింది. చందాదారుల కాల్, మెసేజీ వివరాలు యాప్‌కు ఇవ్వడం వారి గోప్యతకు భంగమని యాపిల్ రెండేళ్లకు పైగా ఒప్పుకోలేదు. 2018లో దారి సుగమమైంది. ఆ రెండేళ్ల వాదం ఐఫోన్ల చుట్టూ తిరిగింది. బటన్ ఫోనులో ఒక మీట నొక్కితే చివరి కాల్ మీద ఫిర్యాదు నమోదయ్యే ఏర్పాటు గురించి అంత పట్టుదలగా వాదించినవారు లేరు. టెలికాం కంపెనీ దగ్గర చివరిగా వచ్చిన కాల్ నంబరు, సమయం ఎటూ ఉంటాయి కాబట్టి చందాదారు చేత తిరిగి రాయించవలసిన అవసరం అసలు లేదు.

ఇన్ని తంటాలెందుకు, ట్రూకాలర్ వేసుకుంటే సరిపోతుంది కదా అనేది బాగా వినబడే ఆక్షేపణ. 2009లో స్వీడన్‌లో పుట్టిన ఈ యాప్‌కు భారతదేశమే అతి పెద్ద మార్కెట్. ఉపకారం లేదనలేం. 2021లో ఆ సంస్థే వెల్లడించిన లెక్క ప్రకారం మన దేశంలో ఒక్క నంబరు నుంచే ఆ ఏడాది జనవరి, అక్టోబరు మధ్య 20 కోట్లకు పైగా స్పామ్ కాల్స్ వెళ్లాయి, రోజుకు దాదాపు 6.64 లక్షలు. ఒక్క నంబరు అంతగా చెలరేగుతుంటే లైన్ ఇచ్చిన కంపెనీకి తెలియకుండా ఉంటుందా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది, అందుకు యాప్ దగ్గర జవాబు లేదు. పైగా యాప్ గుర్తించేది వాడకందార్లు వేసిన ముద్రల ఆధారంగా. 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ కృత్రిమ మేధతో మొదలుపెట్టిన హెచ్చరిక వ్యవస్థ కాల్స్ ఎంత తరచుగా వెళుతున్నాయి, ఎంతసేపు సాగుతున్నాయి వంటి నడవడి చూసి అనుమానిస్తుంది. ఇక్కడ పల్నాటి మేస్త్రి మళ్లీ గుర్తుకొస్తాడు. కోతల రోజుల్లో పొద్దున్నే యాభై అరవై మందికి వరసగా ఫోను చేసి, ఒక్కొక్కరితో అర నిమిషం మాట్లాడి పెట్టేసే మనిషి నడవడి పైకి టెలికాలర్ నడవడిలాగే ఉంటుంది. అతని నంబరు ఎర్రగా కనబడితే ఎదుటివాళ్లు ఎత్తరు. ఆ ముద్ర చెరుపుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలో అతనికి తెలియదు. హెచ్చరిక వద్దని దీని అర్థం కాదు. హెచ్చరించడంతో పని అయిపోయిందనుకోవడమే పొరపాటు. ఫోనులో ఉన్న సదుపాయాల్లో ఈ ప్రాంతపు అవసరానికి సరిపోయేది ఇంకొకటి ఉంది: డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుని, కొద్ది నిమిషాల్లో అదే నంబరు రెండోసారి చేస్తే మాత్రం మోగేలా అమర్చుకోవచ్చు. నిజంగా అవసరం ఉన్నవాడు వెంటనే మళ్లీ చేస్తాడు. యంత్రం చేసే కాల్ సాధారణంగా తరువాతి నంబరుకు పోతుంది.

నంబర్లు వీళ్లకు ఎక్కడివనేది వేరే అధ్యాయం. 2023 మార్చి, ఏప్రిల్‌లలో సైబరాబాద్ పోలీసులు డేటా అమ్మేవాళ్లను రెండుసార్లు పట్టుకున్నారు. మొదటిసారి 16.8 కోట్ల మంది వివరాలు దొరికాయి, కొద్దిరోజుల తేడాతో రెండోసారి 24 రాష్ట్రాలకు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మందివి. ఎవరు ఉద్యోగి, ఎవరు విద్యార్థి, ఎవరికి ఏ బ్యాంకు కార్డు ఉంది అని రకరకాలుగా విడగొట్టి అంగట్లో పెట్టారు. ఇంటర్ ఫలితాలు, ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన వారంలోనే కాలేజీల ఫోన్లు తల్లిదండ్రులకు ఎందుకు మొదలవుతాయో ఈ అంగడిని చూస్తే అర్థమవుతుంది. దరఖాస్తు ఫారం, లక్కీ డ్రా కూపను, దుకాణం బిల్లు కౌంటరు, ఎక్కడ నంబరు అడిగినా ఇచ్చేయడం మనకు అలవాటు. కానీ ఇచ్చినవాడిది తప్పని తేల్చేస్తే అమ్మినవాడు హాయిగా తప్పించుకుంటాడు. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ వరసను తిరగేయాలని చూసింది. సమ్మతి స్పష్టంగా ఉండాలి, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ నోటీసును ఇంగ్లీషులో గాని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో కోరిన దానిలో గాని చూసుకునే వీలివ్వాలి. అంటే తెలుగులో అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ఉల్లంఘిస్తే జరిమానా 250 కోట్ల దాకా. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైనవి అమలుకు రావడానికి ఏడాదిన్నర గడువు పెట్టారు.

ఉపాధి మాటేమిటన్నది తీసిపారేయలేని అభ్యంతరం. డిగ్రీ చదివి నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ నుంచి గుంటూరుకో విజయవాడకో హైదరాబాదుకో వెళ్లిన పిల్లలకు మొదట దొరికే ఉద్యోగాల్లో టెలికాలర్ పని ఒకటి. రోజుకు ఇన్ని కాల్స్ అని లక్ష్యం, అవతలివాళ్ల తిట్లు, నెలాఖరుకు చిన్న జీతం. చిన్న వ్యాపారికీ టీవీ ప్రకటనకు డబ్బుండదు, ఫోనే దిక్కు. ఈ వాదనలో నిజం ఉంది గానీ అది ఎవరి పక్షాన నిలుస్తుందో చూడాలి. ఫోనెత్తి తిట్టేవాడి కోపం ఆ పిల్ల మీద పడుతోంది, ఆమె చేత ఆ కాల్ చేయిస్తున్న సంస్థ మీద పడడం లేదు. సమ్మతి ఉన్నవాళ్లకే ఫోను చేయాలంటే కాల్స్ తగ్గుతాయి, కానీ మాట్లాడేది అవసరం ఉన్నవాళ్లతో అవుతుంది. వివరాలు కావాలని తానే నంబరు ఇచ్చినవాడికి చేసే కాల్‌ను ఏ నిబంధనా అడ్డుకోదు. పైగా ఉద్యోగాలను మింగుతున్నది నిబంధనలు కావు, రికార్డు చేసిన గొంతుతో వేలమందికి ఒకేసారి మోగించే ఆటోడయలర్. వాటిని వాడేవారు ముందుగా టెలికాం కంపెనీకి తెలియజేయాలని 2025 సవరణ చెబుతోంది. చిన్న వ్యాపారి విషయంలో ఇంకొంచెం ఉదారత అవసరమే. ఊళ్లో ఎరువుల దుకాణం యజమాని తన ఖాతాదారుకు కొత్త విత్తనం వచ్చిందని చెప్పడం, ముక్కూ మొహం తెలియని ఏజెంటు చేసే కాల్ ఒకటే కావు. నిబంధనలు ఇప్పటికే ఉన్న వ్యాపార సంబంధం నుంచి కలిగే సమ్మతిని వేరుగా గుర్తిస్తాయి, అది సబబే.

మోసగాళ్లు చట్టానికి లొంగరు కదా, మరి చట్టం బిగిస్తే నలిగేది మంచి కంపెనీలే కదా అని ఇంకొకరు అడుగుతారు. స్పామ్, మోసం రెండూ ఒకటి కావన్నది నిజం. డిజిటల్ అరెస్టు పేరుతో బెదిరించేవాడికి 1909 భయం ఉండదు. డబ్బు పోతే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి, అనుమానం తగిలితే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో 2024 మార్చి నుంచి ఉన్న చక్షు అనే విభాగంలో తెలపాలి. కానీ మోసం దాక్కునేది స్పామ్ గుంపులోనే. రోజూ పది మంది బ్యాంకు పేరు చెప్పి మామూలు నంబర్ల నుంచి మాట్లాడుతుంటే పదకొండోవాడు దొంగని చందాదారు ఎలా పోల్చుకోవాలి? నిజమైన బ్యాంకులు ఒకే రకం నంబరు నుంచి మాట్లాడితే దొంగకు ముసుగు పోతుంది. బ్యాంకులు, బీమా, షేర్ల సంస్థల సేవా కాల్స్‌కు 2024లో 1600తో మొదలయ్యే నంబర్లు తెచ్చింది ఇందుకే. 2024 అక్టోబరు 22న విదేశాల నుంచి వస్తూ దేశీయ నంబర్లుగా నటించే కాల్స్‌ను ఆపే వ్యవస్థ మొదలైనప్పుడు మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ పట్టుబడ్డాయి. చందాదారులు ఎంత జాగ్రత్తపడినా ఆ పని వాళ్లవల్ల కాదు, నెట్‌వర్కు గుమ్మంలోనే జరగాలి. సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన పేరు ఎత్తేవారి తెరమీద కనబడాలని 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ చేసిన సిఫారసు కూడా ఈ కోవదే. పాత బటన్ ఫోన్లకు అది ఎంతవరకు అందుతుందన్నది దాని అసలు పరీక్ష.

వీటన్నిటికీ బయట ఉన్నవి రాజకీయ కాల్స్. ట్రాయ్ నిబంధనలు వాణిజ్యం గురించి. ఓటు అడగడం, అభిప్రాయం అడగడం వాటి పరిధిలోకి రావు. రికార్డు చేసిన ప్రశ్నలు అడిగి మీట నొక్కించే ఐవీఆర్‌ఎస్ గొంతుకు ఆంధ్రప్రదేశ్ అలవాటుపడినంతగా బహుశా ఏ రాష్ట్రమూ పడలేదు. పింఛను అందిందా, రేషను సరిగా ఇస్తున్నారా అని ప్రభుత్వం అడుగుతుంది. 2024 ఎన్నికలకు ముందు ఫలానా నాయకుడు అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి, వద్దంటే రెండు నొక్కండి అని తెలుగుదేశం పార్టీ నియోజకవర్గాల్లో అడిగింది. పల్నాడులాంటి చోట, పేరు చెప్పని గొంతు ఎవరు కావాలని అడిగితే ఏ మీట నొక్కాలో ఆలోచించుకోవలసిన పరిస్థితి కూడా ఉంటుంది. తన నంబరుతో పాటు తన ఇష్టం ఎవరి పట్టికలో చేరుతోందో తెలియదు. ప్రజల అభిప్రాయం తెలుసుకోవడం మంచిదే, పింఛను సొమ్ములో ఎవరైనా చేయి పెట్టారా అని నేరుగా అడగడం మరీ మంచిది. అయినా ఆ కాల్ ఎవరు చేయిస్తున్నారో మొదటే చెప్పడానికి, ఇక చేయవద్దంటే మానడానికి అభ్యంతరం ఉండనక్కర్లేదు. ఎన్నికల వేళ రికార్డు చేసిన ప్రచార సందేశాలకు ముందస్తు ధ్రువీకరణ ఉండాలని ఎన్నికల సంఘం అంటుంది గానీ, వద్దనే హక్కు గురించి ఏమీ లేదు. 2020లో కరోనా జాగ్రత్తలు చెప్పడానికి ప్రతి కాల్‌కు ముందూ దగ్గు వినిపించిన దేశంలో ప్రభుత్వ గొంతుకు కూడా ఒక హద్దు అవసరమని విడమరిచి చెప్పనక్కర్లేదు.

మళ్లీ ఖర్చు మళ్లించే సంగతికొస్తే, అమెరికాలో 1991 నాటి టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చట్టవిరుద్ధమైన కాల్ ఒక్కొక్కదానికి 500 డాలర్లు, తెలిసి చేస్తే 1,500 డాలర్ల దాకా చందాదారే కోర్టుకెళ్లి రాబట్టుకోవచ్చు. 2003లో డూ నాట్ కాల్ జాబితా వచ్చింది, 2021 జూన్ నుంచి కాల్ ఎక్కడి నుంచి పుట్టిందో ధ్రువీకరించే సాంకేతికత తప్పనిసరయింది. అయినా అక్కడ రోబోకాల్స్ పోలేదు కాబట్టి ఖర్చు మోపడం వృథా అని వాదించవచ్చు. కానీ అక్కడ మిగిలినవి చాలావరకు ఇంటర్నెట్ దారిన, దొంగ నంబర్లతో వచ్చేవి. పేరున్న సంస్థలు పరిహారానికి భయపడి సమ్మతి పత్రాలు దాచుకుంటాయి. మన చందాదారుకు ట్రాయ్ నిబంధనల్లో దక్కేది ఫిర్యాదు నంబరు, ఆ తర్వాత చర్య తీసుకున్నామన్న మెసేజీ. విసిగిన మనిషికి పైసా రాదు. చేయించిన సంస్థను నేరుగా పట్టుకోవడానికి 2024 జూన్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. ఏజెంటు ఎవరైనా, ఆ కాల్ వల్ల లాభపడేది ఎవరో వారిదే బాధ్యత అన్నది అందులోని సారం. ట్రాయ్ కూడా 2024 ఆగస్టు 28 నాటి చర్చాపత్రంలో, రోజుకు కొన్ని కాల్స్ దాటాక హెచ్చు ధర వసూలు చేస్తే ఎలా ఉంటుందని అడిగింది. మేస్త్రి లాంటివాళ్లకు మినహాయింపు ఎలా ఇవ్వాలన్నది అక్కడ తేల్చుకోవలసిన చిక్కు, కానీ ఏడాదిలో కొన్ని వారాలు ఎక్కువ కాల్స్ చేసే సిమ్‌కూ ఏడాది పొడుగునా రోజుకు వందలు చేసే సిమ్‌కూ తేడా కంపెనీ లెక్కల్లో దాగదు. ఆ ప్రతిపాదన 2025 సవరణలోకి రాలేదు. అపరిమిత కాల్స్ ప్యాకేజీలు ఎవరు కొన్నా అదే ధరకు దొరుకుతున్నాయి.